పిల్లల తోటకు పేరు పెట్టిన పాదిరి కుమారుడు

ధ్యానభాగములు: మత్తయి 6:25-34, మార్కు 4:26-29



నేడు పట్టణములలోనే గాక మన పల్లెల పొలిమేరల వరకును ఎల్.కె.జి., యు.కె.జి. అను తరగతులు వచ్చియున్నవి. నాలుగేండ్ల బిడ్డ వీపున పుస్తకముల సంచి కట్టి, తెల్లవారగనే బండి యెక్కించి పంపుచున్నాము. ఆ కె.జి. అను రెండక్షరములకు అర్థమేమని మొన్న సండే స్కూలులో అడుగగా ఒక బాలుడు లేచి కిలోగ్రాము అని చెప్పెను. అందరును నవ్విరి. నవ్వినవారిలో సరియైన జవాబు చెప్పగలిగినవారు మాత్రము ఒక్కరును లేరు. అది కిండర్‌గార్టెన్ అను జర్మను మాటకు కుదింపు. పిల్లల తోట అని దాని అర్థము. ఆ పేరు పెట్టినవాడు ఒక పల్లెటూరి పాదిరిగారి కుమారుడు. ఆయన పేరు ఫ్రెడరిక్ ఫ్రోబెల్. ఆయన కథలో తల్లిదండ్రులకును, ముఖ్యముగా మావంటి పాదిర్లకును కొంత పాఠమున్నది గనుక ఈ నెల దానిని వ్రాయుచున్నాను.

జర్మనీ దేశములో థురింగియా అను అడవుల సీమ యున్నది. అందులో ఓబర్‌వైస్‌బాఖ్ అను కొండపల్లెలో 1782వ సంవత్సరము ఏప్రిల్ 21న ఫ్రోబెల్ జన్మించెను. తండ్రి లూథరన్ సంఘ కాపరి. ఆయన చేతిక్రింద ఆరేడు గ్రామములును, వాటిలో సుమారు 5000 మంది విశ్వాసులును ఉండిరి. బాప్తిస్మములు, పెండ్లిండ్లు, సమాధి కార్యక్రమములు, తగవుల పరిష్కారము అనువాటితో ఆయనకు ఊపిరాడెడిది కాదు. బిడ్డకు ఏడాది నిండక మునుపే తల్లి చనిపోయెను. పనివారును అన్నలును ఎత్తుకొని పెంచిరి. కొన్నాళ్లకు తండ్రి మరల పెండ్లాడెను. సవతితల్లి మొదట పిల్లవానిని ప్రేమగానే చూచెను గాని, తనకొక కుమారుడు పుట్టినమీదట ఆమె మనస్సు మారెను. బిడ్డను పిలిచినట్లు నీవు అని పిలుచుట మాని, ఆ దేశములో పరాయివారితో మాటలాడు రీతిగా అతనితో మాటలాడుట మొదలుపెట్టెను. ఇది చిన్న సంగతివలె కనబడును. ఇంటిలోని బిడ్డకు అది చిన్నది కాదు. ముసలివాడైన తరువాత కూడ ఫ్రోబెల్ దానిని మరువలేదు.

తండ్రి చదువు చెప్పబోయెను. పిల్లవాడు వెంటనే అందుకొనలేదు. వీడు మందమతియని తండ్రి తీర్మానించుకొనెను. 5000 మంది మాటలను ఓపికతో వినిన ఆ కాపరికి తన యింటి మూలనున్న బిడ్డ మాట వినుటకు తీరిక లేకపోయెను. తోటి సేవకులారా, ఈ వాక్యము వ్రాయునప్పుడు నా కలము కొంచెము ఆగినది. మనలో అనేకులము నాలుగైదు గ్రామములు తిరిగి, రాత్రి కూటము ముగించి, పిల్లలు నిద్రించిన తరువాత ఇల్లు చేరుచున్నాము గదా.

ఇంటి చుట్టు గోడలును, కంచెలును, ఎదుట దేవాలయమును ఉండెను. బయటికి పోనిచ్చెడివారు కారు. కావున ఆ ఒంటరి బాలునికి ఆకాశమును, పెరటి తోటలోని మొక్కలును స్నేహితులాయెను. తండ్రి అతనిని ఊరిలోని ఆడపిల్లల బడిలో చేర్చెను. ఆదివారము ప్రసంగింపబడిన వాక్యమును సోమవారమున పిల్లలు వల్లెవేయుట ఆ బడి అలవాటు. అతడు మొదట వినిన వాక్యము మత్తయి 6:33, అనగా అన్నిటికంటె ముందు దేవుని రాజ్యమును వెదకవలెనన్న ప్రభువు మాట. పిల్లల గొంతుకలలో వినిన ఆ మాట తన జీవితమంతయు వెంట వచ్చినదని ఆయన తరువాత వ్రాసికొనెను. చదువరీ, బైబిలు తెరచి చూడుము. ఆ వచనమునకు అయిదు వచనములు పైననే ప్రభువు అడవిపువ్వులను చూపి, అవి యెట్లు ఎదుగుచున్నవో ఆలోచింపుడని చెప్పియున్నాడు. పువ్వును చూచుటయు, రాజ్యమును వెదకుటయు ఒకే ప్రసంగములోని మాటలు. మనము రెండవదానిని కంఠతా పెట్టించి, మొదటిదానిని విడిచిపెట్టుచున్నాము.

ఆయన బాల్యములో జరిగిన ఒక సంగతి చెప్పవలెను. పాదిరిగారి యిల్లు గదా, మగడును భార్యయు పోట్లాడుకొని తీర్పుకొరకు వచ్చెడివారు. వారి తగవులును, తండ్రి కఠినమైన గద్దింపులును పక్క గదిలోనున్న బాలుని చెవిని పడెడివి. దేవుడు మనుష్యులను మాత్రమే స్త్రీపురుషులుగా చేసి ఇంత దుఃఖము తెచ్చెనేమోయని ఆ పసివాడు కలత చెందెను. అప్పుడు క్రిస్టోఫ్ అను పెద్దన్న చదువునుండి సెలవులకు ఇంటికి వచ్చెను. హేజెల్ అను పొద మొగ్గలలోని ఊదారంగు దారములను చూచి తమ్ముడు ముచ్చటపడుచుండగా, అన్న అతని ప్రక్కన కూర్చుండి, మొక్కలలోను ఆ భేదమున్నదనియు, ఆ రెండు విధముల పూవుల వలననే కాయ పుట్టుచున్నదనియు చూపించెను. మనకు హేజెల్ పొద తెలియదు గాని పోతుతాడి, పెంటితాడి తెలియును. గుమ్మడిపాదున వట్టిపూవును, క్రింద పిందె కట్టిన పూవును తెలియును. ఆ దినమున బాలుని మనస్సులోని బరువు దిగిపోయెను. తండ్రి ప్రసంగములు తీర్పజాలని సందేహమును అన్న చేతిలోని ఒక మొగ్గ తీర్చెను. నా మట్టుకు నేను, పిల్లల తోట అను తలంపునకు విత్తనము పడినది అక్కడనే యనుకొందును.

పదియేండ్ల వయస్సున మేనమామ అతనిని ష్టాట్‌ఇల్మ్ పట్టణమునకు తీసికొనిపోయెను. మేనమామయు పాదిరియే, కాని మెత్తని హృదయము గలవాడు. ఆ యింట బాలునికి స్వేచ్ఛయు, బడిలో తోటిపిల్లల సహవాసమును దొరకెను. పదునైదవ యేట అడవి అధికారి యొద్ద పని నేర్చుటకు పంపబడెను. ఆ యజమాని నేర్పినది తక్కువ. అడవి నేర్పినది ఎక్కువ. రెండేండ్లు చెట్లను, నాచులను, రాళ్లను చూచుచు గడిపెను.

1799లో యేనా విశ్వవిద్యాలయములో చదువుచున్న అన్నకు డబ్బు అందించుటకు వెళ్లి, తానును అక్కడ చదువుటకు నిలిచెను. ఉన్న కొద్ది సొమ్ములో కొంత ఆ అన్నకే అప్పిచ్చి, అది తిరిగి రానందున తానే బాకీపడి, విశ్వవిద్యాలయపు చెరలో తొమ్మిది వారములు కూర్చుండెను. తండ్రి వెంటనే విడిపింపలేదు. నా ఆస్తిలో నీకిక పాలు లేదని వ్రాయించుకొని ఆ తరువాతనే అప్పు తీర్చెను. అయినను తండ్రి జబ్బుపడినప్పుడు ఈ కుమారుడే యింటికి వచ్చి, ఆయన ఉత్తరములు వ్రాసిపెట్టుచు కడవరకు సేవచేసెను. 1802లో తండ్రి చనిపోవుటకు ముందు వారిద్దరి మధ్య గోడ కొంత కూలెను.

తరువాత మూడేండ్లు భూమి కొలుచుట, ఎస్టేటు లెక్కలు వ్రాయుట మొదలైన పనులలో గడచెను. 1805లో ఇండ్లు కట్టు శాస్త్రము నేర్వవలెనని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు వెళ్లెను. అక్కడ ఒక ప్రధానోపాధ్యాయుడు ఈ యువకునితో మాటలాడి, నీవు ఉపాధ్యాయుడవు కావలసినవాడవని చెప్పి తన బడిలో పెట్టుకొనెను. మొదటి దినమున పిల్లల ఎదుట నిలిచినప్పుడు గట్టున పడియున్న చేప నీటిలో పడినట్లాయెను. ఆ కాలమున స్విట్జర్లాండులో పెస్తలోజ్జి అను మహోపాధ్యాయుడు, మాటకంటె ముందు వస్తువును చూపవలెనను పద్ధతిని నడుపుచుండెను. ఫ్రోబెల్ 1805లో ఆయనను చూచి వచ్చి, మరల 1808 మొదలు 1810 వరకు తాను చదువు చెప్పుచున్న ముగ్గురు బాలురతో కూడ అక్కడ నివసించెను. ఆ బాలుర తండ్రి ఒక పొలము ముక్క యిచ్చియుండగా, దానిలో గురువును శిష్యులును కలిసి త్రవ్వి, నాటి, నీరు పోసిరి. చదువును త్రవ్వుగోలయు ఒక చేతిలో ఇముడునని ఆయన అక్కడ చూచెను.

పిమ్మట బెర్లినులో వైస్ అను పండితుని యొద్ద ఖనిజములను చదివెను. ఉప్పుగల్లును చూడుడి. ఎంత చితుకగొట్టినను ఆ ముక్కలు చదరపు మూలలతోనే విరుగును. నోరులేని రాతిలోనికి ఇంత క్రమము ఎట్లు వచ్చెను? ఆ ప్రశ్న ఆయనను పట్టుకొనెను. 1813లో నెపోలియనుతో యుద్ధము వచ్చినప్పుడు, రేపు పిల్లలకు పాఠము చెప్పవలసినవాడు నేడు దాగియుండరాదని సైన్యములో చేరెను. అక్కడ మిడ్డెన్‌డార్ఫ్, లాంగెథాల్ అను ఇద్దరు వేదాంత విద్యార్థులు ఆయనకు జీవితకాలపు స్నేహితులైరి. యుద్ధము తరువాత బెర్లిను ఖనిజ ప్రదర్శనశాలలో మంచి ఉద్యోగము దొరకెను.

కాని హేజెల్ మొగ్గను చూపిన ఆ పెద్దన్న క్రిస్టోఫ్, గ్రీస్‌హైము గ్రామమున పాదిరిగా నుండి, యుద్ధము వెంట వచ్చిన విషజ్వరముతో 1813లోనే చనిపోయియుండెను. భార్యయు ముగ్గురు కుమారులును దిక్కులేనివారైరి. ఫ్రోబెల్ 1816లో ఉద్యోగము విడిచి ఆ పల్లెకు వచ్చెను. ఈ ముగ్గురును, మరియొక అన్న పిల్లలు ఇద్దరును, మొత్తము అయిదుగురు బాలురతో బడి తెరచెను. మరుసటి యేట అది కైల్‌హౌ అను కుగ్రామమునకు మారెను. లోటులో దినములు గడచెను. 1818లో బెర్లినులో మంచి కుటుంబమున పెరిగిన విల్‌హెల్మీన్ అను చదువరియైన స్త్రీ ఆయనను వివాహమాడి ఆ లోటులోనికే వచ్చెను. వారికి బిడ్డలు పుట్టలేదు.

కైల్‌హౌ పిల్లలు కొండలెక్కి, వాగులకు అడ్డుకట్టలు కట్టి, మొక్కలు ఏరి, పొలములో పనిచేసి నేర్చుకొనిరి. ఈ బడిలో తిరుగుబాటు నేర్పుచున్నారని పై ప్రభుత్వములు అనుమానించగా, త్సే అను సంఘాధికారి వచ్చి పరీక్షించి, అనుకూలముగా నివేదిక వ్రాసెను. 1826లో మానవుని విద్య అను గ్రంథమును ఫ్రోబెల్ ప్రచురించెను. అది కొరుకుడుపడని గ్రంథము. అందులో మానవ స్వభావము మంచిదేనని ఆయన చెప్పిన మాటలు మనము నమ్ము పతనోపదేశమునకు సరిపడవు. ఆ విషయమున నేను ఆయన శిష్యుడను కాను. అయితే పిల్లవానిని అట్టి ఓపికతో చూచిన కన్ను మనలో ఎందరికున్నది?

1831లో ఆయన స్విట్జర్లాండునకు వెళ్లి, 1835 మొదలు బుర్గ్‌డార్ఫ్ అను ఊరి అనాథశాలను నడిపెను. బడికి వచ్చు వయస్సునకు ముందే పిల్లలు చాలవరకు పాడగుటయో బాగగుటయో జరుగుచున్నదని ఆయన గ్రహించెను. అందుచేత జర్మనీకి మరలివచ్చి, 1837లో బ్లాంకెన్‌బుర్గు అను ఊరిలో ఇంకను బడి యెరుగని చిన్నబిడ్డల కొరకు పని ఆరంభించెను. అప్పటికాయనకు 55 సంవత్సరములు.

బిడ్డల చేతికి ఆయన ఇచ్చినవాటిని కానుకలు అనెను. మొదటి కానుక ఆరు రంగుల నూలు బంతులు, దారము కట్టినవి. రెండవది కొయ్యతో చేసిన గుండు, ఘనము, స్తంభము. మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు ఒక ఘనము. దానితో బిడ్డ కుర్చీ కట్టును, మెట్లు కట్టును, గుడి కట్టును, మరల అన్నియు కూర్చి పెట్టెలో పెట్టును. ఒకటి ఎనిమిదియై, ఎనిమిది ఒకటి యగుట లెక్క నేర్వకముందే వ్రేళ్లకు తెలియును. రెండవ కానుకలో ఒక చమత్కారమున్నది. మీ యింటనే చేసి చూడవచ్చును. నలుపలకల కొయ్యదిమ్మెకు ఒక ముఖము నడుమ దారము కట్టి, గిరగిర త్రిప్పుడి. మూలలు మాయమై గుండ్రని స్తంభమువలె కనబడును. స్తంభమును ప్రక్కనుండి వ్రేలాడదీసి త్రిప్పినయెడల బంతివలె అగుపడును. బెర్లినులో రాళ్ల మధ్య తాను చూచిన క్రమమును మూడేండ్ల బిడ్డ చేతిలో ఆటవస్తువుగా పెట్టెను.

తోట సంగతి ఇంకను మంచిది. నడుమ పిల్లల సొంత మడులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న మడి, దానిపై ఆ బిడ్డ పేరు. చుట్టును అందరికిని ఉమ్మడి మడులు. ఉమ్మడి మడులలో పెద్దల సహాయముతో పువ్వులును, కూరలును, ధాన్యములును క్రమముగా పెరుగును. సొంత మడిలో మాత్రము బిడ్డ తన యిష్టమువచ్చినది తన యిష్టమువచ్చినట్లు నాటవచ్చును. నీరు పోయక యెండబెట్టినను, వేరు చూడవలెనని పెరికినను, ఎవరును కొట్టరు. ప్రక్కనున్న ఉమ్మడి మడి పచ్చగా నుండగా తన మడి యెందుకు వాడెనో బిడ్డయే చూచి తెలిసికొనవలెను. రైతు బిడ్డలైన మనవారికి ఇది సులభముగా అర్థమగును. విత్తినవాడు నిద్రించుచు లేచుచుండగా, తానెరుగని రీతిగా విత్తనము మొలచునని ప్రభువు మార్కు 4వ అధ్యాయమున చెప్పిన ఉపమానమును మనము ఎన్నిసార్లు పిల్లలకు వినిపించితిమి! మొలకను చూపినది ఎన్నిసార్లు? గాజుగ్లాసులో తడిగుడ్డ చుట్టి, గుడ్డకును గాజుకును నడుమ నాలుగు చిక్కుడు గింజలు పెట్టినచో, వేరు మొదట క్రిందికి దిగుటయు, ఆ తరువాత మొలక పైకి లేచుటయు కన్నులార కనబడును. ఖర్చేమియు లేదు. మన సండే స్కూలులో దీనిని చేసినప్పుడు, అంతవరకు నోరు తెరువని ఒక చిన్నపిల్ల, వేరు చీకటిలోనికి ఎందుకు పోవుచున్నదని అడిగినది. ఆ దినము ప్రసంగము నాకు ఆ పిల్లయే ఇచ్చినది.

ఈ పనికి తగిన పేరు చాలకాలము దొరకలేదు. 1840 వసంతకాలమున స్నేహితులతో కొండమీదుగా బ్లాంకెన్‌బుర్గునకు నడచుచు, క్రింద పచ్చని లోయను చూచి, ఆయన ఒక్కసారి నిలిచిపోయి, దొరకినది దొరకినదని కేకవేసెనట. దొరకిన పేరే పిల్లల తోట. దేవుడు ఆదాము ఏదెనులో ఉండునట్లు చేసి, దానిని సేద్యపరచుటయు కాచుటయు అతనికి అప్పగించిన ఆదికాండము 2వ అధ్యాయము మనకు వెంటనే జ్ఞాపకము వచ్చును. అదే యేట జూన్ 28న దానిని బహిరంగముగా స్థాపించిరి. అచ్చుయంత్రముతో బైబిలును ముద్రించిన గూటెన్‌బెర్గు పని ఆరంభించి 400 సంవత్సరములైనదని ఉత్సవము చేసికొను దినమది. అచ్చు పుస్తకపు పండుగ నాడు, అక్షరము రాని బిడ్డలకు దేవుడు వ్రాసిన మరియొక పుస్తకము తెరువబడెను. సొమ్ము చాలక ఆ మొదటి తోట 1844లో మూతపడెను. భార్య అంతకుముందే 1839లో చనిపోయియుండెను, ఆ పేరైనను ఆమె వినలేదు.

అదే 1844లో ఆయన తల్లుల కొరకు ఆటపాటల పుస్తకమొకటి ప్రచురించి, ఊరూర తిరుగుచు యువతులకు తరిఫీదు ఇచ్చెను. బిడ్డలకు గురువులుగా స్త్రీలను సిద్ధపరచుట ఆ కాలమున వింత. 1849లో లీబెన్‌స్టైను అను ఊరిలో, తెల్లవెండ్రుకల ఈ మనుష్యుడు పల్లె పిల్లలతో గెంతుట చూచి జనులు ముసలి పిచ్చివాడని నవ్విరి. మారెన్‌హోల్ట్స్ అను గొప్ప యింటి స్త్రీ మాత్రము నిలిచి చూచి, ఆయనకు సహాయురాలాయెను. తరువాత దేశదేశములకు ఈ పద్ధతిని మోసికొనిపోయినవారిలో ఆమె ముఖ్యురాలు. 1851లో లూయీజె లేవిన్ అను తన శిష్యురాలిని ఆయన వివాహమాడెను.

ఆ సంవత్సరమే ఆగస్టు 7న పెద్ద దెబ్బ తగిలెను. ప్రష్యా ప్రభుత్వము కిండర్‌గార్టెనులను నిషేధించెను. ఇవి పిల్లలకు నాస్తికత్వమును, ప్రభుత్వ ధిక్కారమును నేర్పుచున్నవని నేరము మోపిరి. కార్ల్ ఫ్రోబెల్ అనునతడు వ్రాసిన ఒక పుస్తకమును చూచి, ఆ పేరును ఈ పేరును ఒకటే యనుకొనిరి. ఆ కార్ల్ ఎవరు? గ్రీస్‌హైము పాదిరి క్రిస్టోఫ్ కుమారుడు. ఏ అయిదుగురు బాలురకొరకు ఫ్రోబెల్ ఉద్యోగము విడిచి వచ్చెనో వారిలో ఒకడు. ప్రభుత్వమునకు ఎన్ని వినతులు పంపినను అది మనస్సు మార్చుకొనలేదు. బిడ్డలను దేవునియొద్దకు పువ్వు ద్వారా నడిపింపజూచినవాడు నాస్తికుడను పేరుతోనే కడవరకు ఉండెను. ఆయన మరణించిన యెనిమిదేండ్లకు, 1860లో నిషేధము తొలగెను. నేటికిని మన ఊళ్లలో ఆయన పెట్టిన పేరుతోనే, అక్షరముగాని కూడికగాని తప్ప ఒక ఆకైనను చూపని గదులలో బిడ్డలు కూర్చుండియున్నారు. ఏ నిషేధము కఠినమైనదో నాకు తెలియుట లేదు.

1852వ సంవత్సరము జూన్ 21న మారియెన్‌థాల్ అను చోట, 70వ యేడు నిండిన రెండు నెలలకు ఫ్రోబెల్ ప్రభువునందు నిద్రించెను. దగ్గరలోని ష్వైనా గ్రామమున ఆయన సమాధిపై ఘనము, స్తంభము, గుండు ఒకదానిమీదనొకటి రాతితో చెక్కి నిలిపిరి. కడపటి దినములలో కిటికీ తెరువుమనియు, పువ్వులు తెచ్చి పెట్టుమనియు అడుగుచుండెనని మిడ్డెన్‌డార్ఫ్ వ్రాసెను. తన తోటలోని పువ్వులను జాగ్రత్తగా చూచుకొనుమనియు, కలుపుమొక్కలను కూడ పెరికివేయవద్దనియు, వాటియొద్ద తాను చాల నేర్చుకొంటిననియు వారితో చెప్పెనట.